బయటివాళ్లకు మాత్రమే పెట్టే పరీక్ష

ఈ మధ్య ఒక అమ్మాయి ఫోన్ చేసింది. ఎనిమిదేళ్లుగా ఆసుపత్రి ఫార్మసీలో పనిచేస్తోంది. కెనడా వెళ్లాలని, అక్కడ ఫార్మసిస్టులకి పరీక్షలు పెట్టే పీఈబీసీ వాళ్ల ఇవాల్యుయేటింగ్ పరీక్షకి చదువుతోంది. "అక్కా, ఐసీయూలో కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకి యాంటీబయాటిక్ డోసు ఎంత తగ్గించాలో డాక్టర్లు నన్నే అడిగేవాళ్లు. ఇప్పుడేమో డ్యూటీ అయ్యాక ఇంటికొచ్చి, మాత్ర పై పూతలో ఏ పాలిమర్ వాడతారో బట్టీ పడుతున్నాను. దీనికీ నేను అక్కడ చేయబోయే పనికీ సంబంధం ఏంటి?" అని అడిగింది.

ధైర్యం చెప్పి ఊరుకోవచ్చు. చాలామందికి అలాగే చెప్పాను కూడా. కానీ ఈసారి ఆ ప్రశ్నకి సరైన జవాబు వెతకాలనిపించింది. నేనూ ఆ దారిలోనే వచ్చి లైసెన్సు తెచ్చుకున్నదాన్ని. ఇప్పుడు వెనక వస్తున్నవాళ్ల కోసం వారాంతాల్లో ఓస్కీ (పేషెంటులా నటించే మనిషితో మాట్లాడించి చూసే పరీక్ష) ప్రాక్టీసులో పేషెంటుగానో డాక్టరుగానో కూర్చుంటుంటాను. అక్కడ చూసినవన్నీ కలిపి ఆలోచిస్తే నాకొక అభిప్రాయం ఏర్పడింది.

పరీక్ష ఉండాలి, అదీ కష్టంగానే ఉండాలి. కానీ మనం వెళ్లే దేశంలో చదివినవాళ్లు రాసే పరీక్షే మనమూ రాయాలి. మన కోసం ప్రత్యేకంగా గుమ్మంలో పెట్టిన మొదటి పరీక్ష అడ్డుగోడలా ఉండకూడదు. దాని బదులు, ఆ దేశపు ఫార్మసీలో పర్యవేక్షణ కింద పనిచేసే కాలం ముందుకు రావాలి.

రెండు పరీక్షలు, రెండు ఉద్దేశాలు

మనవాళ్లు మాట్లాడుకునేటప్పుడు అన్నిటినీ కలిపి 'లైసెన్స్ ఎగ్జామ్' అనేస్తారు. కానీ వీటిలో రెండు రకాలున్నాయి. అమెరికాలో ఎఫ్‌పీజీఈఈ, కెనడాలో ఇవాల్యుయేటింగ్ ఎగ్జామ్, ఆస్ట్రేలియాలో మొన్నటిదాకా కాప్స్ (2025లో దాని బదులు ఓప్రా అనే పరీక్ష వచ్చింది). ఈ మూడూ బయట చదివినవాళ్లకే. అక్కడి యూనివర్సిటీల్లో డిగ్రీ తీసుకున్నవాళ్లు వీటి ముఖం కూడా చూడరు. ఆ తర్వాత వచ్చే అమెరికా నాప్లెక్స్, కెనడా క్వాలిఫైయింగ్ ఎగ్జామ్, ఆస్ట్రేలియా ఇంటర్న్ పరీక్షలు మాత్రం అందరికీ ఒకటే.

రెండో రకం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఒకే కౌంటరు వెనక నిలబడి, ఒకే బాధ్యత మోయాల్సినవాళ్లకి ఒకే కొలత పెట్టడంలో గౌరవం ఉంది. అందులో తప్పితే, ఆ దేశపు పిల్లలతో సమానంగా పోటీపడి తప్పామని తెలుస్తుంది.

మొదటి రకం లెక్క వేరు. నీ డిగ్రీ మా డిగ్రీకి సాటి వస్తుందా అన్నది దాని ప్రశ్న. ప్రపంచంలో వేలకొద్దీ ఫార్మసీ కాలేజీలున్నాయి, ఒక్కొక్కదాన్నీ వెళ్లి తనిఖీ చేయలేరు కాబట్టి చదివినవాళ్లనే పరీక్షిస్తారు. తర్కం బాగానే ఉంది. కాప్స్‌లో రెండు పేపర్లు, ఒక్కోదానికి 100 ప్రశ్నలు, 2 గంటలు ఉండేవి. ఫార్మాస్యూటికల్ కెమిస్ట్రీ, ఫిజియాలజీ, ఫార్మకాలజీ, ఫార్మాస్యూటిక్స్, థెరప్యూటిక్స్, అన్నీ అందులో వచ్చేవి. నిన్న మొన్న కాలేజీ నుంచి బయటికొచ్చినవాళ్లకి ఇలాంటిది న్యాయమైన కొలతే. పదేళ్లు పేషెంట్ల మధ్య గడిపినవాళ్లకి మాత్రం ఇది వాళ్లు ఎప్పుడో వదిలేసి వచ్చిన క్లాసురూముకి వెనక్కి పంపే పరీక్ష. పదేళ్లలో నేర్చుకున్నది ఇందులో ఎక్కడా లెక్కకి రాదు, పదేళ్లలో మరిచిపోయినది మాత్రం మార్కు మార్కుగా లెక్కకొస్తుంది. ఆస్ట్రేలియాలో అప్పటిదాకా బాగా పనిచేస్తున్న ఫార్మసిస్టుని రేపు పిలిచి కాప్స్ లాంటి పరీక్ష రాయమంటే ఎంతమంది గట్టెక్కుతారో అని నాకెప్పుడూ అనుమానమే.

డిగ్రీ మీద నమ్మకం కుదిరిన చోట ఈ పరీక్ష లేనే లేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. యూరోపియన్ యూనియన్‌లో 2005/36/ఈసీ అనే డైరెక్టివ్ ప్రకారం ఫార్మసిస్టు చదువు కనీసం ఐదేళ్లు ఉండాలి, అందులో ఆరు నెలలు ఫార్మసీలో శిక్షణ ఉండాలి. ఆ షరతులు తీరితే ఒక సభ్యదేశపు అర్హతని ఇంకో సభ్యదేశం గుర్తిస్తుంది. భాష వచ్చా లేదా అని చూస్తారు తప్ప కెమిస్ట్రీ మళ్లీ అడగరు. అంటే మొదటి పరీక్ష కొలిచేది మనిషిని కాదు, ఆ మనిషి చదివిన చోటు మీద తమకున్న నమ్మకాన్ని. పుట్టి చదువుకున్న చోటు మీద అపనమ్మకం ఉన్నందుకు ఆ భారమంతా ఒక్క మనిషి నెత్తిన పెడుతున్నారు.

అమెరికా ఇంకొక అడుగు ముందుకు వేసింది. 2003 జనవరి 1 నుంచి డిగ్రీ పూర్తిచేసినవాళ్లకి కనీసం ఐదేళ్ల ఫార్మసీ కోర్సు ఉంటేనే ఎఫ్‌పీజీఈఈకి అర్హత. నాలుగేళ్ల బీఫార్మసీ మీద రెండేళ్ల మాస్టర్స్ చేసినా, ఆ పైన ఎన్నేళ్లు పనిచేసినా ఆ లోటు తీరదు. ఇక్కడ పరీక్ష కష్టమా సులువా అన్న ప్రశ్నే రాదు, హాల్లోకి అడుగు పెట్టనివ్వరు. ఇలాంటి నిబంధన చూశాక, పరీక్ష రాయనివ్వడమే మేలు కదా అనిపిస్తుంది. నా వాదనలో నన్ను నేనే ఆపుకుని ఆలోచించే చోటు ఇది. గుడ్డిగా చూసినా పరీక్షలో ఒక సమానత్వం ఉంది. అది కాలేజీ పేరు చూడదు.

మెథోట్రెక్సేట్ ఫోన్ కాల్

నా అభిప్రాయానికి అసలు కారణం పుస్తకాల్లో దొరకలేదు, ప్రాక్టీసు సెషన్లలో దొరికింది.

కెనడా క్వాలిఫైయింగ్ పరీక్షలో రెండో భాగం ఓస్కీ. స్టేషన్ తర్వాత స్టేషన్, ఒక్కోదానికి 7 నిమిషాలు. లోపల పేషెంటులా నటించే మనిషి ఉంటారు, ఒక్కోసారి డాక్టరు ఉంటారు. పక్కన కూర్చుని మార్కులు వేసేవాళ్లుంటారు. దానికి సిద్ధమవుతున్న ఒకాయనకి ఓ రోజు నేను డాక్టరునయ్యాను. చాలా అనుభవమున్న మనిషి. కేసు ఇది: కీళ్లవాతం ఉన్న పేషెంటుకి మెథోట్రెక్సేట్ 10 మిల్లీగ్రాములు రోజుకొకసారి అని ప్రిస్క్రిప్షన్‌లో ఉంది. అది వారానికొకసారి వేసుకోవాల్సిన మందు. ఆయన పట్టేశారు. ఫోన్ చేశారు. "సర్, వీలైతే ఆ డోసు ఒకసారి చూస్తారా?" అన్నారు. నేను కావాలనే విసుగ్గా, "నేను రాసింది నాకు తెలుసు, అలాగే ఇచ్చేయండి" అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి, "సరే సర్" అని ఫోన్ పెట్టేశారు.

స్టేషన్ అయ్యాక అడిగాను, రోజూ వేసుకుంటే ఏమవుతుందో మీకు తెలుసు కదా అని. తడుముకోకుండా చెప్పారు. నోట్లో పుళ్లు, ఎముక మజ్జ దెబ్బతినడం, తెల్లరక్తకణాలు పడిపోవడం, ఇన్ఫెక్షన్లు, ప్రాణం పోవడం. విరుగుడుగా ఫోలినిక్ యాసిడ్ ఇస్తారని కూడా చెప్పారు. "ఎంసీక్యూలో వస్తే కళ్లు మూసుకుని టిక్ పెడతాను మేడం. కానీ డాక్టరు ఇమ్మన్నాక నేనెలా ఆపుతాను?"

ఆయనకి తెలియనిది మందు గురించి కాదు. ఆ దేశంలో ఫార్మసిస్టుకి ఆ మందు ఇవ్వనని చెప్పే హక్కుంది, చెప్పాల్సిన బాధ్యతా ఉంది. వాదించి, కారణం చెప్పి, అప్పటికీ వినకపోతే మందు ఆపి, జరిగింది రాసిపెట్టాలి. డాక్టరు మాటకి ఎదురు చెప్పే అలవాటు లేని చోట ఏళ్లతరబడి పనిచేసిన మనిషికి అది ఒక్క రోజులో రాదు. పుస్తకంలో ఆ వాక్యం చదివినా రాదు. పక్కన ఇంకో ఫార్మసిస్టు ఫోన్లో గట్టిగా, మర్యాదగా అలా మాట్లాడటం నాలుగుసార్లు విన్నాక వస్తుంది.

ఆయన ఇవాల్యుయేటింగ్ పరీక్ష మొదటిసారే మంచిగా పాసైన మనిషి. మొదటి పరీక్ష ఆయనలో ఉన్నదాన్నే కొలిచి పంపింది. ప్రమాదమున్న చోటుని అది తాకనే లేదు.

ఇంకో సంగతి. మోకాలి నొప్పికి ఐబూప్రొఫెన్ కావాలని వచ్చిన పెద్దావిడ వేషం వేశాను. రామిప్రిల్, హైడ్రోక్లోరోథయాజైడ్ అనే బీపీ మందులు వాడుతున్నానని అడిగితేనే చెప్పాలి. ఒకబ్బాయి వెంటనే అడిగాడు, విన్నాడు, ఆ మూడూ కలిస్తే కిడ్నీలకి ఎందుకు చేటో రక్తనాళాల స్థాయిలో అద్భుతంగా వివరించాడు. టైం అయిపోయింది. ఆవిడ నొప్పికి ఏం వేసుకోవాలో చెప్పనే లేదు. అదే కేసులో, కొంతకాలంగా ఒక ఫార్మసీలో అసిస్టెంటుగా చేస్తున్న అమ్మాయి మొదట అడిగిన మాట, "ఈ మందు ఎవరికండీ?" తర్వాత నొప్పి ఎప్పటినుంచి, ఇంకేం వాడుతున్నారు, ఏదైనా మందు పడదా. చివరికి పారాసెటమాల్ చెప్పి, రోజుకి ఎంతకి మించకూడదో చెప్పి, తగ్గకపోతే ఎప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లాలో చెప్పి పంపింది. కిడ్నీ మెకానిజం అడిగితే సగమే చెప్పగలిగింది. కౌంటరు దగ్గర మా అమ్మ నిలబడి ఉంటే నాకు ఆ అమ్మాయే కావాలి.

ఆ అమ్మాయికి ఆ మాటలు ఎక్కడినుంచి వచ్చాయి? బిల్లు కొడుతూ, షెల్ఫులు సర్దుతూ, వెనక ఫార్మసిస్టు మాట్లాడుతుంటే విన్నది. అది ఏ సిలబస్‌లోనూ లేదు.

ఎదురు వాదనలు

నేను చెప్పినదానికి పెద్ద అభ్యంతరం ఆ మెథోట్రెక్సేట్ ఆయన దగ్గరినుంచే వచ్చింది. మొదటి పరీక్ష కోసం చదవకపోతే ఇవన్నీ ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి, ఆ చదువు నాకు మేలే చేసింది అన్నారు. నిజమే. చాలామందికి ఆ పరీక్ష వల్లే పుస్తకం మళ్లీ తెరుచుకుంటుంది. కానీ అందరూ రాసే ఉమ్మడి పరీక్షలోనూ రాతభాగం ఉంది. ఆ చదువు దాని కోసం చదివినా అంతే మేలు చేస్తుంది. పైగా మొదటి పరీక్ష చుట్టూ పెరిగిన 'రీకాల్స్' సంస్కృతి చూస్తే నాకు భయమేస్తుంది. పరీక్ష రాసొచ్చినవాళ్లు గుర్తున్న ప్రశ్నలు పీడీఎఫ్‌లుగా చేసి పంచుకోవడం నిబంధనలకి విరుద్ధం, అయినా ఆగదు. కొందరు అవి తప్ప ఇంకేమీ చదవరు. జ్ఞాపకశక్తినే కొలిచే చోట జ్ఞాపకాలే సరుకవుతాయి.

రెండో అభ్యంతరం బ్రిటన్. నేను కోరుకునే పద్ధతికి దగ్గరగా ఉన్నది వాళ్లదే. అక్కడ బయట చదివిన ఫార్మసిస్టులకి ఓస్పాప్ అనే ఏడాది కోర్సు, తర్వాత 52 వారాల ఫౌండేషన్ ట్రైనింగ్, చివర్లో అక్కడి నాలుగేళ్ల ఫార్మసీ డిగ్రీ ఎంఫార్మ్ చదివిన పిల్లలతో కలిసి ఒకే రిజిస్ట్రేషన్ పరీక్ష. ఆ పరీక్షలో మొదటి పేపరు మొత్తం లెక్కలే. 40 ప్రశ్నలు, 2 గంటలు, జవాబు మనమే అంకెల్లో వేయాలి. ఆప్షన్లు చూసి ఊహించే వీలు లేదు. పిల్లల డోసులో ఒక్క సున్నా ఎక్కువైతే ఏమవుతుందో తెలిసినవాళ్లెవరూ దాన్ని తప్పుపట్టరు. ఇంత చేసినా, అక్కడ ఫార్మసిస్టులని రిజిస్టర్ చేసే జనరల్ ఫార్మాస్యూటికల్ కౌన్సిల్ ప్రకటించే ఫలితాల్లో ఓస్పాప్ దారిన వచ్చినవాళ్ల పాస్ శాతం ఎంఫార్మ్ వాళ్లకంటే తక్కువగానే ఉంటూ వస్తోంది. ముందు శిక్షణ ఇస్తే అంతా సర్దుకుంటుందన్న నా మాటకి ఇది గట్టి దెబ్బే.

దీని గురించి చాలా ఆలోచించాను. ఒక కారణం, ఒక్క ఏడాది చదువు నాలుగేళ్ల చదువుకి సాటి రాకపోవడం. ఇంకోటి, శిక్షణ దొరికే చోట్లు అన్నీ ఒకేలా ఉండకపోవడం. కొన్ని చోట్ల ట్రైనీని పక్కన కూర్చోబెట్టుకుని నేర్పుతారు, కొన్ని చోట్ల మందులు లెక్కపెట్టడానికే వాడుకుంటారు. మూడోది, ఫీజులు, వీసా, అద్దె అన్నీ నెత్తిన పెట్టుకుని చదివే మనిషి పరిస్థితి. మూడుసార్లకి మించి ఆ పరీక్ష రాయనివ్వరు. అంత ఖర్చు పెట్టి, రెండేళ్లు గడిపి, మూడోసారి కూడా తప్పినవాళ్ల బాధ నేను దగ్గరగా చూశాను. అలాంటి మనిషి, "దీనికన్నా ఇంట్లో ఉండగానే ఒక చిన్న పరీక్ష పెట్టి, నీకు కుదరదని ముందే చెప్పి ఉంటే బాగుండేది" అంటే నా దగ్గర వెంటనే జవాబు లేదు. కాప్స్ ప్రపంచంలో ఎక్కడి సెంటర్లోనైనా రాయనిచ్చేవాళ్లు. అలా ఉంటే ఉద్యోగం వదలకుండా, ఇల్లు అమ్మకుండా మన స్థాయి తెలుసుకోవచ్చు. అది చిన్న మేలు కాదు.

అందుకే మొదటి పరీక్షని పూర్తిగా తీసిపారేయాలని నేననను. అది రోగనిర్ధారణలా ఉండాలి. ఫలానా విభాగంలో బలహీనంగా ఉన్నావు, ఫలానా దాంట్లో ఇక్కడి సగటుకన్నా మెరుగ్గా ఉన్నావు అని వివరంగా కాగితం ఇవ్వాలి. ఆ కాగితం చూసుకుని వెళ్లాలో వద్దో మనిషే తేల్చుకుంటారు. ఫెయిలన్న ఒక్క మాటతో తలుపు మూసేయడం వల్ల అటు ప్రజలకి కలిగే రక్షణా తక్కువే, ఇటు రాసినవాళ్లు నేర్చుకునేదీ తక్కువే.

మూడో అభ్యంతరం నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెడుతుంది. మనిషిని మనిషి చూసి మార్కులు వేసే పరీక్షలో యాస, పేరు, రంగు అడ్డు రావా? కంప్యూటరుకి ఇవేవీ తెలియవు. కెనడాలోని ఒంటారియోలో పేస్ అనే పద్ధతి ఉంది. అభ్యర్థిని రెండు వారాలపాటు నిజమైన ఫార్మసీలో పనిచేయించి, శిక్షణ పొందిన ఒక ఫార్మసిస్టు గమనించి అంచనా వేస్తారు. లోపాలుంటే ఏవేవి సరిదిద్దుకోవాలో ప్రణాళిక ఇస్తారు. నాకు ఎంతో నచ్చిన పద్ధతి. కానీ అంచనా వేసేది ఒక్కరే. ఓస్కీలో ఒక స్టేషన్‌లో ఒకరికి నా యాస నచ్చకపోయినా ఇంకో స్టేషన్‌లో ఇంకొకరుంటారు. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. ఇద్దరు అంచనాదారులుంటే ఈ భయం తగ్గుతుంది, పూర్తిగా పోదు.

యాస మాటొచ్చింది కాబట్టి ఇంగ్లీషు పరీక్ష గురించి ఒక్క మాట. అమెరికాలో బయట చదివిన ఫార్మసిస్టులకి ఇచ్చే ఎఫ్‌పీజీఈసీ సర్టిఫికెట్‌కి చాలా ఏళ్లపాటు టోఫెల్ స్పీకింగ్‌లో 30కి 26 రావాలన్నారు. మైకు ముందు కూర్చుని, ఎదురుగా మనిషి లేకుండా, గడియారం చూస్తూ మాట్లాడాలి. రోజూ ఇంగ్లీషులో పేషెంట్లతో మాట్లాడే స్నేహితురాలు 24 దగ్గరే మళ్లీ మళ్లీ ఆగిపోయింది. భాష రావాలన్నది న్యాయమైన షరతే. పేషెంటుకి అర్థమయ్యేలా చెప్పగలరా అన్నది ఓస్కీలాంటి చోట నేరుగా తెలిసిపోతుంది, మైకు ముందు తెలియదు.

గల్ఫ్ దేశాల దారి దీనికి పూర్తిగా ఎదురు. డేటాఫ్లో అనే సంస్థ ద్వారా సర్టిఫికెట్ల తనిఖీ, ఒక కంప్యూటర్ పరీక్ష, లైసెన్సు. త్వరగా అయిపోతుంది, ఖర్చూ తక్కువే. అక్కడికి వెళ్లినవాళ్లు నాతో ఎప్పుడూ పరీక్ష గురించి ఫిర్యాదు చేయరు. కానీ పేషెంటుతో మాట్లాడటాన్ని అది అసలు పరీక్షించదు కాబట్టి, నా కోరిక దానితోనూ తీరదు.

ముందు పని, తర్వాత పరీక్ష

ముందు పనిచేయనివ్వండి అంటే, లైసెన్సు లేనివాళ్లని పేషెంట్ల దగ్గరికి ఎలా పంపుతారని అడుగుతారు. ఆ దేశాల్లో ఫార్మసీ చదివే విద్యార్థులు డిగ్రీ చేతికి రాకముందే ఫార్మసీల్లో నిలబడుతున్నారు కదా. లైసెన్సున్న ఫార్మసిస్టు పర్యవేక్షణలో మందులు తయారుచేస్తారు, పేషెంట్లతో మాట్లాడతారు, ప్రతిదీ ఆ ఫార్మసిస్టు సరిచూస్తారు. ఇరవై ఏళ్ల విద్యార్థికి ఇచ్చే ఆ అవకాశం, ఎనిమిదేళ్లు ఆసుపత్రిలో పనిచేసి, సర్టిఫికెట్లు యూనివర్సిటీ నుంచి నేరుగా వచ్చి నిజమని తేలిన మనిషికి ఇవ్వడానికి అడ్డేమిటి? విద్యార్థి విషయంలో సరిపోయిన పర్యవేక్షణ ఇక్కడ ఎందుకు సరిపోదు? ఈ ప్రశ్నకి తృప్తిగా జవాబు చెప్పినవాళ్లు నాకింతవరకు తగల్లేదు.

ఇప్పుడు చాలాచోట్ల జరిగేది దీనికి తలకిందులు. ముందు గదిలో కూర్చుని ఏడాదో రెండేళ్లో చదవాలి. ఇల్లు గడవాలి కాబట్టి గోడౌన్లోనో, టాక్సీలోనో, హోటల్లోనో పనిచేయాలి. అన్ని పరీక్షలూ దాటాక, వృత్తికి దూరమై అంతకాలం గడిచాక, అప్పుడు ఇంటర్న్‌గా చేరమంటారు. చేతి పని పూర్తిగా మరిచిపోయే దశలో పని చూపిస్తారు. అసిస్టెంటుగా చేరితే మేలని నేను అందరికీ చెబుతుంటాను. కానీ ఆ ఉద్యోగం అందరికీ దొరకదు, దొరికినా ఆ గంటలు చాలాసార్లు లైసెన్సు లెక్కలోకి రావు, రోజంతా నిలబడి వచ్చినవాళ్లకి రాత్రి పుస్తకం పట్టుకునే ఓపికా ఉండదు.

ఈ మార్పులో నాకు కనిపిస్తున్న ప్రమాదం ఒకటే. శిక్షణ పేరుతో అనుభవమున్న మనుషుల చేత జీతం లేకుండా, లేదా నామమాత్రపు జీతానికి పనిచేయించుకునే యజమానులు ఇప్పటికే ఉన్నారు. ఇంటర్న్‌గా తీసుకున్నందుకు డబ్బు ఎదురడిగిన చోటు గురించి కూడా విన్నాను. వీసా కోసం, గంటల కోసం ఆధారపడిన మనిషి ఎవరికీ ఫిర్యాదు చేయలేరు. కాబట్టి ఈ శిక్షణ చోట్లని యజమాని ఇష్టానికి వదలకూడదు. లైసెన్సు ఇచ్చే సంస్థే ఎంపిక చేయాలి, మధ్యలో చోటు మార్చుకునే వీలుండాలి, స్థానిక ఇంటర్న్‌కి ఇచ్చే జీతమే మొదటి రోజు నుంచి ఇవ్వాలి, పనిచేసిన ప్రతి గంటా లైసెన్సుకి కావలసిన గంటల్లో కలవాలి.